భోగనందీశ్వరాలయమున శిల్పరీతుల సమ్మేళనము

బెంగళూరు నగరమునకు ఉత్తరమున సుమారు 60 కిలోమీటర్ల దూరమున, నందికొండ పాదమునందు, నంది యను గ్రామము గలదు. అది నేడు చిక్కబళ్లాపురము జిల్లాలోనిది. మన తెలుగు కుటుంబములవారు సెలవు దినములందు వేకువనే బయలుదేరి కొండపైకి పోవుదురు; మంచును, సూర్యోదయమును చూతురు; దిగివచ్చునపుడు ప్రొద్దున్నచో మాత్రమే క్రిందనున్న భోగనందీశ్వరాలయమున అడుగు పెట్టుదురు. అట్లు చూచి వచ్చినవారిలో ఒకరు అది చోళుల గుడి యందురు. మరియొకరు హొయసలులది యందురు. వేరొకరు విజయనగర రాజులది యని వాదింతురు. ముగ్గురి మాటలోను కొంత నిజమున్నది. ఏ యొక్కరి మాటయు పూర్తిగా నిజము కాదు. ఆ దేవాలయము ఒక వంశమువారి కట్టడము కాదు. సుమారు ఏడువందల యేండ్ల కాలమున వేరువేరు రాజ్యములవారు, వేరువేరు శిల్పులు, ఒకరి పనిప్రక్కన నొకరు పనిచేయగా ఏర్పడిన సముదాయమది. ఇన్ని చేతులు పడిన కట్టడము కలగాపులగము కావలసినది, కాలేదు. ఎందుచేత కాలేదు, ఎచ్చట కొంత అయినది అను రెండు ప్రశ్నలను ఈ వ్యాసమున విచారింపదలచితిమి.

శిల్పరీతుల కలయికను గూర్చిన విచారము పాశ్చాత్య దేశములందు వారి మధ్యయుగపు క్రైస్తవాలయములను పురస్కరించుకొని చిరకాలముగా జరుగుచున్నది. ఆ దృష్టాంతమును ముందుగా గ్రహించినచో మన గుడిని చూచుట సులభమగును. ఐరోపాలో 11, 12 శతాబ్దములందు ప్రబలిన రీతిని రోమనెస్కు అందురు. దళసరి గోడలు, అర్ధవృత్తాకారపు కమానులు, చిన్న కిటికీలు, లోపల చీకటి దాని లక్షణములు. రాతి కప్పు బరువు గోడలను వెలుపలికి నెట్టును గనుక గోడ లావుగా నుండక తప్పదు. ఆ గోడలో పెద్ద కిటికీ తెరచుటకు కట్టువానికి వెరపు. 12వ శతాబ్ది మధ్యమున, పారిస్ సమీపమునందలి సెయింట్ డెనిస్ మఠాలయమున, సూగేర్ అను మఠాధిపతి పూనికచే క్రొత్తరీతి యొకటి తలయెత్తినది. దానికే తరువాతి కాలమున గోథిక్ అను పేరు వచ్చినది. కొనదేరిన కమాను, పక్కటెముకలవంటి రాతిబద్దలపై నిలిచిన కప్పు, వెలుపలినుండి గోడకు ఊతమిచ్చు రాతిచేతులు — ఈ మూటి సాయమున బరువంతయు కొన్ని స్తంభములకే చేరి గోడకు పని తగ్గినది. పని తగ్గిన గోడ రంగుటద్దముల కిటికీగా మారినది. మన శివాజీనగరమున 1882లో ప్రతిష్ఠింపబడిన సెయింట్ మేరీస్ దేవాలయమును చూచినవారికి ఆ కొనదేరిన కమానులు పరిచితములే. కాని యది గోథిక్ రీతి ననుసరించి కొలది సంవత్సరములలో కట్టిన ఏకరీతి కట్టడము. రెండు రీతులు నిజముగా కలిసిన తావునకు ఉదాహరణము ఫ్రాన్సు దేశమునందలి షార్త్ర నగరపు దేవాలయము.

షార్త్రలోని రోమనెస్కు దేవాలయము 1194లో అగ్నికి ఆహుతియైనది. భూమిలోపలి 11వ శతాబ్దపు గుహాలయమును, కొలది దశాబ్దములకు ముందు కట్టిన పడమటి ముఖభాగమును మాత్రము మిగిలినవి. కట్టువారు చేతిలో క్రొత్తరీతి యుండియు ఆ మిగిలినదానిని పడగొట్టలేదు. క్రొత్త దేవాలయపు వెడల్పును క్రిందనున్న పాత గుహాలయపు కొలతయే చాలవరకు నిర్ణయించినది. పాత ద్వారములగుండ ప్రవేశించి క్రొత్త వెలుగులోనికి పోవునట్లు దానిని నిర్మించిరి. 1260లో అది ప్రతిష్ఠింపబడినది. దాని రెండు శిఖరములును ఒక పోలికవి కావు. దక్షిణ శిఖరము 12వ శతాబ్దపుది, నిరాడంబరము. ఉత్తర శిఖరము 16వ శతాబ్దారంభమున నిర్మితమై, తీగలల్లిన పందిరివలె పనితనముతో నిండియున్నది. ఆ వ్యత్యాసమును దోషమని యెవరును తలంపరు. ఎందువలన? వెనుక వచ్చినవాడు ముందువానిని తుడిచివేయలేదు, ముందువానివలె నటింపనులేదు.

ఈ యుదాహరణమునుండి మూడు ప్రశ్నలను తీసికొనవచ్చును. క్రొత్తగా చేర్చినది పాతదాని కొలతను గౌరవించినదా? పాతదానిని కంటికి కనబడనిచ్చినదా? తన కాలపు భాషలో తాను మాటాడినదా, లేక పాతదాని దొంగరూపము దాల్చినదా? ఏ మిశ్రమ నిర్మాణమునైనను ఈ మూడు ప్రశ్నలతో పరీక్షింపవచ్చునని మా యభిప్రాయము. ఇక నందికి పోవుదము.

ఈ యాలయచరిత్రకు ఆధారములు 9వ శతాబ్ది ఆరంభమునుండియే కలవు. రాష్ట్రకూట చక్రవర్తి మూడవ గోవిందుని కాలమున, క్రీ. శ. 806 నాటి శాసనము దీనిని పేర్కొనుచున్నది. క్రీ. శ. 810 నాటి బాణవంశపు తామ్రశాసనము మరియొకటి గలదు. బాణ విద్యాధరుని రాణియైన రత్నావళి ఇచ్చట శివాలయము కట్టించెనని ప్రసిద్ధి. ఆ కాలపు శిల్పరీతి నొళంబులది. నొళంబుల పేరు మన తెలుగువారికి పరాయిది కారాదు. వారి రాజధానియైన హేమావతి నేడు ఆంధ్రప్రదేశమున, శ్రీ సత్యసాయి జిల్లా మడకశిర ప్రాంతమునందున్నది. వారి నొళంబవాడి ముప్పదిరెండువేలు నేటి అనంతపురము, చిత్రదుర్గము, తుమకూరు, కోలారు ప్రాంతములలో వ్యాపించియుండెను. వారి కాలమున ఆ నేలమీద నేటి రాష్ట్రముల హద్దులు లేవు. శిల్పి ఉలి యిటునటు స్వేచ్ఛగా తిరిగినది. హేమావతిలోని దొడ్డేశ్వరాలయమును చూచినవారు నందికి వచ్చినచో ఒక్క కుటుంబపు ముఖపోలికను గుర్తింపగలరు.

దేవాలయమున ప్రధానమైనవి రెండు గుడులు, ప్రక్కప్రక్కన తూర్పుముఖముగా నిలిచినవి: దక్షిణమున అరుణాచలేశ్వరుడు, ఉత్తరమున భోగనందీశ్వరుడు. వీనిని ముందునుండి చూచినచో మండపములే కన్నులకు తగులును. పాత గుడులను చూడగోరువారు ప్రక్కగా నడచి వెనుకకు పోవలెను. అచ్చట కరకు నల్లరాతి గోడలు, వానిపై తగుమాత్రము ముందునకు వచ్చిన కుడ్యస్తంభములు, మీద కపోతము, ఆపై అంతస్తులుగా పైకేగు విమానము గోచరించును. బొమ్మల రద్దీ లేదు. గోడలోని రాతి జాలకములయందే శిల్పి తన ముద్దును తీర్చుకొన్నాడు. అరుణాచలేశ్వరుని దక్షిణపు గోడ జాలకమున నాట్యమాడు శివుడు, భోగనందీశ్వరుని ఉత్తరపు గోడ జాలకమున మహిషశిరముపై నిలిచిన దుర్గ కనబడుదురు. రంధ్రములు తొలిచిన రాయియే విగ్రహము, విగ్రహమే కిటికీ. వెలుగు దేవత చుట్టునుండి లోనికి వచ్చును. రోమనెస్కు గోడవలె ఇదియు బరువైన గోడయే, తక్కువ వెలుతురును లోపలికి వదలునదియే. ఆ తక్కువ వెలుతురు ఇచ్చట పేదరికము కాదు, నియమము.

ఈ రెండు గుడులలో నొకటి గంగులదనియు, మరియొకటి చోళులదనియు స్థానికముగా చెప్పుదురు. ఉత్తరపు గుడిలో రాజేంద్రచోళునిదని చెప్పబడు విగ్రహమొకటి గలదు. శిల్పజ్ఞులు మాత్రము రెండింటి గోడలయందును 9, 10 శతాబ్దముల నొళంబ లక్షణములనే చూచుచున్నారు. కాలనిర్ణయ మెట్లున్నను విమర్శకునకు ముఖ్యమైన విషయ మొకటి గలదు. రెండవ గుడిని కట్టినవాడు మొదటి గుడికి పోటీగా కట్టలేదు. విమానముల యెత్తు, గోడల తీర్పు, ముందున్న నంది మంటపముల యమరిక ఒకదానికొకటి జతగా నున్నవి. రాజ్యము చేయువాడు తన గుడి పొరుగుగుడికంటె మూడడుగులు పొడవుండవలెనని కోరుట లోకసహజము. ఇచ్చట ఆ కోరిక జయింపబడినది. మన మొదటి ప్రశ్నకు ఈ జంట విమానములే ఉత్తమమైన సమాధానము.

1116లో హొయసల విష్ణువర్ధనుడు తలకాడువద్ద చోళులను ఓడించిన పిమ్మట ఈ ప్రాంతమున క్రొత్తగాలి వీచినది. రెండు గుడుల నడుమనున్న వెలితిలో ఉమామహేశ్వరుల చిన్న గుడి వెలసినది హొయసలుల కాలముననే యందురు. దాని ముందు నాలుగు స్తంభముల కల్యాణమంటపము గలదు. ఈ స్తంభములను హొయసలులవనువారును, 16వ శతాబ్దమున విజయనగరమువారు చేర్చినవనువారును కలరు. మేము రెండవ పక్షమువైపే మొగ్గుచున్నాము. ఏలయన, హొయసల స్తంభములు సామాన్యముగా చక్రమున త్రిప్పి నునుపు చేసినట్లు గుండ్రముగా నుండును. ఇచ్చటి పనియందు విగ్రహములతోడి స్తంభమును మండపాలంకారముగా నిలుపు విజయనగర స్వభావము హెచ్చు. లేపాక్షి మండపములను చూచినవారికి ఇది సులభముగా తోచును. ఎవరివైనను, ఆ రాయి మాత్రము చుట్టునున్న కరకురాయి కాదు. నునుపైన ముదురు రంగు రాయి. ఇట్టి మెత్తని రాయి గనినుండి తీసినపుడు ఉలికి లొంగును, గాలి తగిలిన కొలది గట్టిపడును. కరకురాతిపై గంటసేపు కొట్టినను రాని సన్నని గీత దీనిపై సులువుగా వచ్చును. కనుకనే శివపార్వతులు, బ్రహ్మసరస్వతులు, లక్ష్మీనారాయణులు, అగ్నిస్వాహాదేవులు జంటలుగా నిలువగా, చుట్టును లతలు, చిలుకలు అల్లుకొన్నవి.

మా దృష్టిలో ఈ కల్యాణమంటప మీ దేవాలయపు షార్త్ర శిఖరము. దక్షిణోత్తరములందు రెండు మౌన గంభీరములైన గుడులు. నడుమ నీ చిన్న ముచ్చట. పెద్దదిగా కట్టియుండినచో రెండు గుడులను మ్రింగివేసెడిది. చిన్నదిగా నుండి, తన నగలన్నియు తానే ధరించి, పెద్దల నడుమ పెండ్లికూతురివలె తలవంచుకొని నిలిచినది. కల్యాణమునకు ఇంతకంటె తగిన కొలత లేదు. మూడవ ప్రశ్నకు, అనగా తన కాలపు భాషలో మాటాడినదా అనుదానికి, ఇది నిస్సందేహముగా అవునని పలుకుచున్నది. అయితే రెండవ ప్రశ్నవద్ద మేము కొంచెము ఆగవలసియున్నది. నడుమ గుడియు, దేవతలు ఋషులు ఊరేగుచున్నట్లు చెక్కిన గోడయు చేరుటచే పాత గుడులు ఒకదానినొకటి చూచుకొనుచుండిన తావు మూసికొనిపోయినది. ఆ ఊరేగింపు శిల్పము అందమైనదే. కాని జంట గుడుల నడుమ ఆకాశము కనబడు సందును అది పుచ్చుకొన్నది. ఇచ్చి పుచ్చుకొనుటలో ఇది పుచ్చుకొన్న పద్దు.

విజయనగర కాలపు చేర్పులను గూర్చి మరికొంత నిష్కర్షగా చెప్పవలెను. ప్రాకారము, దాని లోవైపు స్తంభశాలలు, రెండవ ఆవరణము, మండపములు, మెట్లతో దిగు శృంగితీర్థమను కోనేరు — ఇవియన్నియు కలిసి చిన్న గుడుల జంటను మహాక్షేత్రముగా మార్చినవి. పండుగలయందు వేలకొలది జనులు కూడుటకు నీడయు, తావును ఏర్పడినవి. పినాకినీ జన్మస్థానమని భక్తులు తలంచు ఆ కోనేటి మెట్లపై దీపములు వెలిగించిననాడు చూచినవారు ఆ శిల్పుల ఊహాశక్తిని కొనియాడకుండలేరు. మన నెల్లూరు సీమను పండించు పెన్న ఈ కొండల ప్రాంతమున పుట్టినదేగదా! ఆవరణమునందు వారు ఘనవిజయము సాధించిరి. కాని గుడుల ముంగిట స్తంభములు పెరిగినకొలది లోపల చీకటియు పెరిగినది. నొళంబ శిల్పి జాలకముద్వారా కొలిచి వదలిన వెలుతురు వేరు; ముందు మండపము అడ్డుపడి కలిగిన చీకటి వేరు. మొదటిది శిల్పము, రెండవది అవసరము. ఈ భేదమును చెప్పకుండ అంతయు అద్భుతమని పొగడుట విమర్శ కానేరదు.

ఇన్ని కాలముల పని యొకచోట చేరియు కన్నునకు బాధ కలిగింపకుండుటకు కారణమేమి? నిర్మాణ విధానమున నొక కారణమున్నది. ఐరోపా దేవాలయమున కమాను ఎల్లప్పుడు ప్రక్కకు నెట్టుచుండును. పాత గోడపై క్రొత్త కప్పు వేసినచో ఆ నెట్టుడుకు పాత గోడ నిలుచునో లేదో చూడవలెను. అచ్చట రీతుల సమ్మేళనము ప్రాణాపాయముతో కూడినది. మన దేవాలయము స్తంభముపై దూలమునుంచు పద్ధతిది. బరువు నిట్టనిలువుగా భూమికి దిగును. పాత గోడను నమ్మక, దానిప్రక్కన నాలుగు స్తంభములు నిలిపి, దూలము వేసి, రాతిపలకలు పరచినచో మండపమైనది. అయితే రాతిదూలము బరువును మోయగలదుగాని వంగలేదు. దూరము హెచ్చినచో విరుగును. కావున స్తంభములు దగ్గరదగ్గరగా నుండవలెను. ఈ నిర్బంధమే వేరువేరు వంశముల శిల్పులకు ఒకే నడకను నేర్పినది. నొళంబుడైనను, విజయనగరమువాడైనను, అడుగు వేయగల దూరము ఇంచుమించుగా నొక్కటే. అలంకారము మారినది, నడక మారలేదు.

రెండవ కారణము మనస్సునకు సంబంధించినది. మేము బహుకాలము కచేరీ కాగితముల నడుమ జీవించినవారము గనుక దానిని మా భాషలో చెప్పుదుము. దస్త్రములో పాత అధికారి వ్రాసిన అభిప్రాయము క్రొత్తవానికి నచ్చకపోవచ్చును. అతడు దానిక్రింద తన మాట వ్రాసి, తేదీ వేసి, సంతకము చేయును. పై కాగితమును చించుటకు అతనికి హక్కులేదు. చించినచో దస్త్రమే అబద్ధమగును. భోగనందీశ్వరాలయము అట్టి దస్త్రము. ప్రతి కాలమును తన మాటను పాతదానిక్రింద వ్రాసి సంతకము చేసినది. అందుచేతనే నేడు దానిని మొదటినుండి చివరివరకు చదువగలుగుచున్నాము.

దీనికి ప్రతికూలమైన ఉదాహరణమును చరిత్రయే ఇచ్చుచున్నది. చోళులు నొళంబసీమను జయించినపుడు ఆ ప్రాంతపు స్తంభములను తంజావూరు సీమకు తరలించుకొని పోయిరి. తిరువయ్యారు దేవాలయమున ఆ నొళంబ స్తంభములు నేటికిని నిలిచియున్నవి. అవి భద్రముగనే యున్నవి; పూజ్యస్థలముననే యున్నవి. కాని పుట్టిన గోడను, మోసిన దూలమును విడిచివచ్చిన స్తంభము జయచిహ్న మగును గాని సమ్మేళనము కాదు. ఒక రీతి మరియొక రీతితో కలియుటయు, ఒకదానిని మరియొకటి పట్టుకొని పోవుటయు వేరు. నందిలో జరిగినది మొదటిది. అదే చోళుల పేరు రెండు కథలయందును వినబడుట గమనింపదగినది. రీతి మంచిదా చెడ్డదా అనునది వంశమునుబట్టి కాక చేసిన పనినిబట్టి నిర్ణయింపవలెను.

ఇంత దూరము పోలేనివారు మన హలసూరు సోమేశ్వరాలయమునందే ఈ పాఠమును కొంత చదువవచ్చును. చోళుల కాలపు మూలమునకు విజయనగర కాలమునను, కెంపేగౌడ వంశీయుల కాలమునను చేర్పులు జరిగిన గుడి అది. అనేక స్తంభముల మండపము, కైలాసము నెత్తు రావణుడు, గిరిజాకల్యాణ శిల్పము అచ్చట గలవు. హలసూరున తరతరములుగా నివసించు మన కుటుంబములవారు ప్రతిదినము దానిముందునుండి పోవుచుందురు. పోవుచునే యుందురు, ఆగి చూచువారు కొందరే.

ఇంతవరకు చెప్పినది పాత రాళ్ల ముచ్చట యని కొందరు తలంపవచ్చును. కాదు. భోగనందీశ్వరాలయము భారత పురావస్తుశాఖవారి రక్షణలోనున్న జాతీయ ప్రాముఖ్యముగల కట్టడము. దానికి కావలివా రున్నారు. కాని మన స్వగ్రామములలోని చిన్న గుడులకు ఎవరు కావలి? చిత్తూరు, అనంతపురము, కడప, నెల్లూరు సీమలనుండి వచ్చి ఇచ్చట స్థిరపడిన మన ఇండ్లకు ఏటేట జీర్ణోద్ధరణ చందాల ఉత్తరములు వచ్చుచుండును. మనము భక్తితో పంపుచుందుము. ఆ ధనముతో జరుగు పనిని పోయి చూచినవారికి తెలియును. చెక్కిన స్తంభమునకు నిగనిగలాడు రంగు పూయుదురు. రాతినేలపై పింగాణి పలకలు పరతురు. ఇసుకను గాలితో చిమ్మి రాతిని తోమించి తెల్లగా చేసితిమని సంతోషింతురు. ఆ తోముడులో శాసనముల అక్షరములు అరిగిపోవును. సున్నపు గచ్చు ఉండిన సందులలో సిమెంటు నింపుదురు. గచ్చు తడిని బయటికి వదలును, సిమెంటు దానిని లోపల బంధించును. చిన్న విమానము గౌరవమునకు చాలదని దానిని తీసివేసి, ఎత్తైన క్రొత్త గోపురమును అచ్చుబొమ్మలతో నిలుపుదురు. శిలాఫలకముపై దాతల పేర్లు మాత్రము స్పష్టముగా చెక్కబడును.

క్రొత్తది చేర్చరాదని మేము చెప్పుట లేదు. చేర్చరాదన్నచో నంది దేవాలయమే లేదు. భక్తులు పెరిగినచో మండపము కావలెను, నీరు కావలెను, దీపము కావలెను. ఆ మూడు ప్రశ్నలను అడిగి చేర్చుడనియే మా విన్నపము. చందా పంపువానికి ప్రశ్న వేయు హక్కు కలదు. పాత కొలతకు లోబడి కట్టుచున్నారా? పాత గోడ కనబడునా? శాసనమున్న రాతిని తాకుచున్నారా? క్రొత్త మండపమును పాతదానిప్రక్కన వేరుగా నిలుపరాదా? ఈ నాలుగు మాటలు ఒక ఉత్తరములో వ్రాసి, సంతృప్తికరమైన సమాధానము వచ్చిన పిమ్మట ధనము పంపినచో భక్తికి లోపమేమియు లేదు. నందిలో నాలుగు స్తంభముల మంటపమును నిలిపిన యజ్ఞాతశిల్పికంటె మనము గొప్ప భక్తులము కాము. ధనము మాత్రము అతనికంటె మనవద్ద హెచ్చు. కనుక జాగరూకతయు హెచ్చుగా నుండవలెను.

ఈసారి నందికొండకు పోవువారు సూర్యోదయము చూచి దిగినపిమ్మట రెండు గంటలు ఈ యాలయమునకు మిగుల్చుకొందురుగాక. ముందుగా ప్రక్కనుండి వెనుకకు పోయి జంట విమానములను, జాలకములను చూడవలెను. తరువాత కల్యాణమంటపమున కూర్చుండవలెను. చివరకు కోనేటి మెట్లు దిగవలెను. పిల్లలను వెంట తీసికొనిపోయి, ఏది ముందు కట్టినది, ఏది తరువాత చేర్చినది కనుగొనుడని వారినే అడుగవలెను. పాతదానిని చించక దానిక్రింద తన మాటను వ్రాయుట యెట్లో ఆ గోడలు వారికి మనకంటె బాగుగా నేర్పగలవు.